పది చోట్లు వద్దు, ఒక్క మూల చాలు

ఇంగ్లిషు చిత్రకారుడు ఎడ్వర్డ్ లియర్ బొంబాయిలో ఓడ దిగింది 1873 నవంబరులో. అప్పటికి ఆయనకు 61 ఏళ్ళు. చూపు అంతంతమాత్రం. మూర్ఛ జబ్బు ఉన్న సంగతి జీవితాంతం దాచుకున్నాడు. నమ్మకమైన సేవకుణ్ణి వెంటబెట్టుకుని 1875 జనవరిలో తిరిగి ఓడ ఎక్కేలోపు డార్జిలింగు నుంచి మద్రాసు, కంచి, మహాబలిపురం దాకా తిరిగాడు. వందల కొద్దీ బొమ్మలు గీశాడు. ఆ బొమ్మల్ని వరసగా చూస్తూ పోతే ఒకటి తట్టింది. చెట్లు బతికున్నాయి, కొండలు బతికున్నాయి. మనుషులు మాత్రం చాలా చోట్ల కొలత కోసం నిలబెట్టిన గుంజల్లా ఉన్నారు.

ఆయన కొండలూ కోనల చిత్రకారుడు, మనుషుల కోసం రాలేదు, నిజమే. అయినా ఆయన ప్రయాణ పద్ధతి ఇప్పటికీ నడుస్తూనే ఉంది. డిసెంబరు వచ్చిందంటే మద్రాసు మైలాపూరు మాడవీధుల్లో స్కెచ్‌బుక్కు పట్టుకున్న తెల్లజుట్టు విదేశీయులు కనిపిస్తారు. కొడుకింటికో కూతురింటికో వచ్చిన మన రిటైర్డు డ్రాయింగు మాస్టార్లూ కనిపిస్తారు. ఇద్దరి కార్యక్రమమూ ఒకటే: పొద్దున కపాలీశ్వరుడి గుడి, పదింటికి శాంథోమ్ చర్చి, భోంచేసి సెయింట్ జార్జి కోట, సాయంత్రం మెరీనా. వారం తిరిగేసరికి పుస్తకం నిండుతుంది. అందులో ఊరుంటుంది గానీ ఊళ్ళో జనం బతికే తీరు ఉండదు.

నా మాట ఇది: పరాయి ఊళ్ళో రోజువారీ బతుకును గీయాలనుకున్న పెద్దవయసు చిత్రకారుడు పది చోట్లు తిరగకూడదు. ఒకే మూలన, ఒకే వేళకు, కనీసం మూడు పొద్దులు కూర్చోవాలి. రోజువారీ అంటేనే మళ్ళీ మళ్ళీ జరిగేది. ఒక్కసారి చూసినవాడికి ఏది రోజూ జరిగేదో, ఏది ఆ పూటకే జరిగిందో ఎలా తెలుస్తుంది? పెద్దవయసు మనిషి ఎలాగూ ఎక్కువ తిరగలేడు. ఆ తిరగలేకపోవడమే ఈ పనికి పనికొస్తుంది.

మొదటి రోజు కన్ను

దీనికి వెంటనే వచ్చే ఎదురువాదం: "కొత్త కన్నుకు కనిపించేది పాత కన్నుకు కనిపించదు. మొదటి రోజు విస్మయమే బొమ్మకు ప్రాణం." ఇందులో సగం నిజముంది. నీలం టార్పాలిన్ కింద పడే నీలి వెలుగు, ఆటో పసుపు, గోడల మీది చిలకపచ్చ రంగు మనకు కంటికి ఆనవు. కొత్తవాడికి ఆనుతాయి. కానీ మొదటి రోజు కన్నుకు ముందుగా పడేది ఆవు, సన్యాసి, ముక్కుపుడక, చిరిగిన బనీను. అవి మనూళ్ళో లేవని కాదు, వాటికి ఆ వీధితో సంబంధం ఏమిటో మొదటి రోజున తెలియదు.

మద్రాసు, తంజావూరు ప్రాంతాల్లో కంపెనీ దొరలకు అమ్మడానికి వేసిన వృత్తుల బొమ్మలు చూసినవాళ్ళకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. కుమ్మరి, కుమ్మరి భార్య. చాకలి, చాకలి భార్య. చేతిలో పనిముట్టు ఉంటుంది, వెనక తెల్ల కాగితమో, కాస్త ఆకాశమో. వీధి ఉండదు, పక్కవాడు ఉండడు, వేళ ఉండదు. పనితనంలో అవి గొప్పవే, వంక పెట్టడం లేదు. కానీ పూటకో చోట గీసే ప్రయాణికుడి పుస్తకం కూడా చివరికి ఇలాగే తేలుతుంది: పూలమ్మి, రిక్షావాడు, పూజారి. పేరు రాసిన చీటీలు.

మళ్ళీ మళ్ళీ చూడటం విలువ తెలిసినవాళ్ళు లేకపోలేదు. జపాను చెక్కముద్రల చిత్రకారుడు హిరోషి యోషిదా 1926లో తెరచాప పడవల బొమ్మ ఒకటి చేసి, దాన్నే రంగులు మార్చి పొద్దున, మధ్యాహ్నం, మంచు, సాయంత్రం, రాత్రి వేళలుగా అచ్చువేశాడు. యాభై నాలుగేళ్ళ వయసులో భారతదేశం వచ్చినప్పుడూ తాజ్‌మహల్‌ను వేర్వేరు వేళల్లో చూసి వేశాడు. ఊళ్ళు చాలానే తిరిగాడు గానీ, ఒకచోట ఆగాలనుకున్నప్పుడు ఆగాడు.

మొదటి పొద్దున మనుషుల జోలికి పోవద్దని నేను చెప్పేది అందుకే. ఆ రోజు కదలనివి మాత్రం గీయాలి: స్తంభం, ట్రాన్స్‌ఫార్మరు, మేడ అంచు, చెట్టు మొదలు, అరుగు. పక్కన ఒక చీటీ మీద ఎవరు ఎన్నింటికి వచ్చారో, ఎక్కడ నిలబడ్డారో రాసుకోవాలి. లియర్ దగ్గర నేర్చుకోవలసింది ఇక్కడుంది. ఆయన పెన్సిలు గీతల మధ్యే తేదీ, వేళ, రంగుల పేర్లు రాసేసుకునేవాడు. తర్వాత తీరిగ్గా వాటి మీద సిరా గీసి రంగులు పూసేవాడు. పావుగంటలో కాళ్ళు తిమ్మిరెక్కే వయసులో ఇంతకంటే మంచి ఉపాయం లేదు.

ఎవరిని గీయాలి

రెండో పొద్దుకు ఆ చీటీ సమాధానం చెబుతుంది. నడిచి వెళ్ళిపోయేవాళ్ళ వెంట పెన్సిలు పరిగెత్తించడం దండగ. ఒకే కదలికను మళ్ళీ మళ్ళీ చేసేవాళ్ళను పట్టుకోవాలి. ఇడ్లీ బండి దగ్గర మూత పది పన్నెండు నిమిషాలకోసారి లేస్తుంది. ఇస్త్రీ బండి మనిషి బొగ్గుల పెట్టెను ఎత్తినప్పుడల్లా అదే భుజం పైకి లేస్తుంది. రెండో భుజం కిందికి వాలుతుంది, నడుం ఒక పక్కకు ఒరుగుతుంది.

అన్నిటికంటే మంచి మోడల్ పూలమ్మే ఆమె. మైలాపూరు ఉత్తర మాడవీధిలో కాసేపు చూడండి. ఎడమచేతి వేళ్ళ మధ్య నార బిగించి ఉంటుంది. కుడిచేత్తో రెండు మొగ్గలు ఇటు, రెండు మొగ్గలు అటు పెట్టి, నార ఒక చుట్టు తిప్పి లాగుతుంది. చేతులు చూడదు, వచ్చేపోయేవాళ్ళను చూస్తుంటుంది. అంటే తల తిరుగుతూ ఉంటుంది, చేతులు మాత్రం కదిలినా ఒకే చోటుకు తిరిగొస్తాయి. కాబట్టి చేతులు ముందు గీసి తల చివర్లో పెట్టాలి. చాలామంది దీన్ని తిరగేస్తారు, ముఖంతో మొదలెట్టి అక్కడే ఇరుక్కుంటారు. గిరాకీ వచ్చినప్పుడు ఆమె మూర కొలుస్తుంది: మాల కొస మోచేతి దగ్గర, రెండో కొస మధ్యవేలి చివర. ఆ కొలిచే క్షణంలో చెయ్యి నిటారుగా లేచి, వీపు నిలువవుతుంది. ఆ భంగిమ రెండు మూడు సెకన్లే ఉంటుంది, కానీ పొద్దుటి నుంచి డజన్ల సార్లు వస్తుంది. మొదటిసారి భుజం, రెండోసారి మోచెయ్యి, మూడోసారి మాల వేలాడే వంపు. అలా ముక్కలుగా కూడగట్టుకోవచ్చు. ఒక్క పూటలో లేచిపోయేవాడికి ఈ సదుపాయం లేదు.

రంగు విషయంలో మల్లెలు అందరినీ మోసం చేస్తాయి. తెల్లరంగు పూస్తే సున్నం ముద్దలా ఉంటుంది. కాగితాన్నే తెలుపుగా వదిలి, కుప్ప నీడవైపు పల్చటి పచ్చబూడిద రంగు తాకిస్తే చాలు. కనకాంబరానికి మాత్రం విడిగా ఒక నారింజ ట్యూబు కావాలి. పసుపు, ఎరుపు కలిపి తెచ్చుకున్న నారింజ రంగు చాలాసార్లు మట్టిబారుతుంది. ఐరోపా నుంచి వచ్చేవాళ్ళ పెట్టెలో ఓకర్లు, సియెన్నాలు లాంటి మట్టిరంగులు నాలుగు రకాలుంటాయి, మన చీరలకు సరిపోయే మెజెంటా ఒక్కటీ ఉండదు.

వెలుగు, కళ్ళజోడు, మోకాళ్ళు

డిసెంబరులో లండన్ మధ్యాహ్న సూర్యుడు ఆకాశంలో 17 డిగ్రీలకు మించి లేవడు. రోజంతా పొడుగు నీడలే. ఆ అలవాటుతో వచ్చినవాళ్ళు టిఫిను చేసి పదింటికి తాపీగా బయల్దేరతారు. మద్రాసు ఉన్నది 13వ అక్షాంశం మీద. ఏప్రిల్ చివరి వారంలో ఒకసారి, ఆగస్టు మూడో వారంలో ఒకసారి మధ్యాహ్న సూర్యుడు సరిగ్గా నడినెత్తికొస్తాడు, నిలువు స్తంభానికి నీడే ఉండదు. మార్చి నెలలో అయితే పొద్దు గంటకు దాదాపు 15 డిగ్రీల చొప్పున ఎక్కుతుంది. పొద్దుపొడిచిన రెండు గంటలకు మనిషి నీడ ఒకటిన్నర రెట్ల పైచిలుకు ఉంటుంది, మూడు గంటలకు మనిషంతే. ఆ తర్వాత ముఖాల మీద పడేది కనుబొమ్మల నీడే, కళ్ళు గుంటలైపోతాయి. కాబట్టి ఏడు నుంచి తొమ్మిది వరకే పని. రెండు గంటల్లో నీడలు బాగా జరుగుతాయి కనుక మొదటి పది నిమిషాల్లోనే నీడల అంచులు గీసి పెట్టుకుని, తర్వాత ఎంత జరిగినా వాటిని ముట్టుకోకూడదు. రేపు అదే వేళకు అవే నీడలు వచ్చి పడతాయి. ఒకే చోటికి తిరిగి రావడం వల్ల వచ్చే మరో లాభం ఇది.

చోటు ఎంచుకునేటప్పుడు దిక్కు చూసుకోవాలి. కపాలీశ్వరుని కోనేరు గుడికి పడమర ఉంది. కోనేటి పడమటి గట్టున పొద్దున కూర్చుంటే సూర్యుడు ఎదురుగా ఉంటాడు, తూర్పు గోపురం నల్లటి ఆకారంగా మిగులుతుంది. అది కావాలనుకుంటే సరే. బొమ్మల రంగులు కావాలంటే గోపురానికి తూర్పువైపు వెళ్ళాలి. మద్రాసులోనే షావుకారుపేటలో లెక్క వేరు. మింట్ స్ట్రీటు ఉత్తర దక్షిణాలుగా ఉంటుంది, రెండు పక్కలా మేడలు. పొద్దుటి ఏటవాలు ఎండ నేల దాకా దిగదు, పదకొండు దాటాక సన్నటి పట్టీలా పడుతుంది. తెల్లవారుజామున లేవలేని పెద్దాయనకు అది అనువైన వీధి. పైగా కన్యకాపరమేశ్వరి గుడి చుట్టుపక్కల తెలుగు నోళ్ళు దొరుకుతాయి. కూరగాయల బజారు 1996లో కోయంబేడుకు తరలిపోయినా కొత్వాల్ చావడి సందడి ఇంకా చావలేదు.

ఇక కూర్చోవడం. అడుగెత్తు మడత స్టూలు సంచిలో తేలిగ్గా పడుతుంది, కానీ అరవై దాటినవాళ్ళు దాని మీంచి లేచేటప్పుడు పక్కవాడి చెయ్యి కావాలి. 45 సెంటీమీటర్ల ఎత్తున్నది, నాలుగు కాళ్ళది తీసుకోవాలి. వీపు గోడకు ఆనించి కూర్చుంటే గుంపు వెనక చేరదు, ఎండలో పరాకుగా వచ్చే బండీ తగలదు. కొట్టు అరుగైతే ఇంకా మంచిది, యజమానిని ముందు అడిగితే ఎవరూ కాదనరు.

కూర్చున్న ఎత్తుకు బొమ్మలో ఒక పర్యవసానం ఉంది. నిలబడి గీసేవాడికి ఎదుట నిలబడ్డ పెద్దవాళ్ళందరి తలలూ దాదాపు ఒకే గీత మీద ఉంటాయి. స్టూలు మీద కూర్చున్నవాడి కంటి ఎత్తు 120 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. అంటే కంటిగీత నిలబడ్డవాళ్ళ ఛాతీ దగ్గర పోతుంది. దూరంగా ఉన్నవాడికైనా దగ్గరున్నవాడికైనా అంతే. నేల మీద కూర్చున్న పూలమ్మి మొత్తం ఆ గీతకు కిందే. చాలామంది కూర్చుని గీస్తూనే అలవాటు కొద్దీ తలలన్నీ ఒక గీతకు తెస్తారు. వీధి జనమంతా స్కూలు పిల్లల్లా కుదించుకుపోయి కనిపించేది అందుకే.

కళ్ళజోడు గురించి ఎవరూ రాయరు. బైఫోకల్ అద్దాల్లో దగ్గరి చూపు కింది భాగంలో ఉంటుంది. ఈజిల్ మీద కాగితం ముఖానికి ఎదురుగా నిలబెడితే ప్రతి గీతకూ గడ్డం ఎత్తాలి, అరగంటలో మెడ పట్టేస్తుంది. ఒళ్ళో బోర్డు పెట్టుకుంటే ఆ బాధ లేదు. కానీ బల్లపరుపుగా పెడితే ఇంకో తంటా: కాగితాన్ని ఏటవాలుగా చూస్తాం కనుక దాని పైసగం కుదించుకుపోయినట్టుంటుంది, తెలియకుండానే సాగదీసి గీస్తాం. లేపి చూస్తే గోపురం తాటిచెట్టంత. బోర్డును 35, 40 డిగ్రీలు వాల్చి, పావుగంటకోసారి నిలబెట్టి చూసుకుంటే రెండు బాధలూ తప్పుతాయి. శుక్లాలు మొదలైనవాళ్ళు నీడల్లోని నీలాన్ని నమ్మడం కష్టం. ఫ్రెంచి చిత్రకారుడు మోనేకు 1912లో శుక్లాలని తేలింది, ఆపరేషన్ 1923లో. మధ్యకాలపు బొమ్మలు ఎర్రబారి గోధుమరంగుకు తిరిగాయి. ట్యూబుల మీది పేర్లు చూసి, పళ్ళెంలో ఎప్పుడూ ఒకే వరసలో రంగులు పెట్టుకోవడం దీనికి నాకు తెలిసిన చిన్న మందు.

సముద్రపు చెమ్మ

బెంగళూరులో ఫిబ్రవరి ఎండకు నీటిరంగు పూత చూస్తుండగానే ఆరుతుంది. మద్రాసులో పొద్దున ఏడింటికి అదే పూతకు పావుగంట పట్టినా ఆశ్చర్యపోనక్కర్లేదు. ఆరిందనుకుని రెండో పూత వేస్తే కాలీఫ్లవర్ మరకలు లేస్తాయి. వేలి వెనకభాగం కాగితానికి తాకించండి, చల్లగా ఉంటే ఇంకా తడే. ఊరికే కూర్చోకుండా రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకుని ఒకటి ఆరేలోగా రెండోది నడిపితే సరిపోతుంది.

కాగితం 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల) కాటన్‌ది, 11×15 అంగుళాలకు మించనిది చాలు. దానికి అసలు శత్రువు వానాకాలం. నెలల తరబడి చెమ్మ పీల్చిన కాగితంలో సైజింగ్ (రంగు ఇంకిపోకుండా ఆపే జిగురు) చచ్చిపోతుంది. రంగు పైన నిలవకుండా అద్దుడు కాగితంలోకి ఇంకినట్టు ఇంకి, నల్లటి చుక్కలు చుక్కలుగా తేలుతుంది. వీధిలోకి వెళ్ళాక తెలిస్తే ఆ పొద్దు పోయినట్టే. గదిలోనే ఒక మూల తడి కుంచె తాకించి చూడాలి. చుక్క కాసేపు నిలిస్తే బాగున్నట్టు, వెంటనే ఇంకిపోతే ఆ కాగితాన్ని పెన్సిలుకు వాడుకోవాలి. మిగతావి జిప్ కవరులో, చెమ్మ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో. తేనె కలిపి చేసే రంగులు ఇక్కడ పళ్ళెంలో గట్టిపడవు, సంచి ఒరిగితే కారిపోతాయి. ఆయిల్ రంగులవాళ్ళకు ఒక్క మాట: టర్పెంటైన్ విమానం ఎక్కనివ్వరు, ఇక్కడే కొనుక్కోవాలి.

కాగితం మీద నేరుగా ఎండ పడనివ్వకండి. ఆ మెరుపుకు ప్రతి రంగూ తేలిగ్గా కనిపిస్తుంది, దాంతో ముదురుగా వేస్తాం, గదిలోకి తెచ్చాక బొమ్మ చీకటిగా ఉంటుంది. గొడుగు తెల్లదో నల్లదో అయి ఉండాలి. ఎర్ర గొడుగు కింద కాగితమే ఎర్రగా ఉంటుంది.

ఫోటో ఉండగా ఇంత కష్టమెందుకు?

ఈ ప్రశ్నను కొట్టిపారేయలేను. డెబ్బై ఏళ్ళ మనిషి, బీపీ మాత్రలు వేసుకునేవాడు, మద్రాసు ఎండలో రెండు గంటలు కూర్చోవడం చిన్న సంగతి కాదు. అందులో కొన్ని మాత్రలు ఒంట్లో నీటిని బయటికి పంపుతాయి. వచ్చేముందే డాక్టరును అడగాలి, ఎండపడే చోటైతే తొమ్మిది దాటాక బొమ్మ ఎంత బాగా వస్తున్నా లేవాలి.

కానీ ఫోన్ కెమెరాకు తనదైన అబద్ధం ఉంది. దాని మామూలు లెన్సు విశాలంగా చూస్తుంది: దగ్గరి స్కూటరు ఏనుగంత, వెనక గోపురం బొమ్మరిల్లంత. నీడల్ని తనే తెల్లబరుస్తుంది. పైగా అది పట్టేది ఒక్క క్షణాన్ని, పూలమ్మి చెయ్యి ఆ క్షణంలో ఎక్కడుంటే అక్కడే. బోర్డు మీది అక్షరాలు, గేటు డిజైను సరిచూసుకోవడానికి ఫోటో వాడుకోవచ్చు. అంతకు మించి దాన్ని నమ్మితే బొమ్మ అచ్చం ఫోటోలాగే తప్పుతుంది. చోటునే ఉండి, చూసింది గీయాలన్న నియమంతో 2007లో సియాటిల్‌లో గేబ్రియెల్ కాంపనారియో మొదలుపెట్టిన అర్బన్ స్కెచర్స్ బృందం పద్ధతి నాకు నచ్చుతుంది. అయితే ఇలాంటి బృందాలు చాలావరకు వారానికో కొత్త చోట కలుస్తాయి. సరదాకు మంచిదే, నేను చెప్పే పని మాత్రం దానితో అవదు.

ఇంకో అబద్ధం కుంచె ఆడేది. పాత మద్రాసు కనబడాలని వైర్లు తీసేస్తారు, స్కూటర్లు తీసేస్తారు, మెట్రో పనుల రేకుల కంచెలు తీసేసి వాటి చోట ఒక ఎద్దుబండి పెట్టేవాళ్ళూ ఉన్నారు. ఆ కంచె పక్కనుంచి ఇరుక్కుంటూ వెళ్ళడమే ఇప్పుడు అక్కడివాళ్ళ దినచర్య. కంచె లేని బొమ్మ ఎంత అందంగా ఉన్నా ఇప్పటి మైలాపూరు కాదు.

గీయించుకునేవాళ్ళ మాట

నాకు ఇంకా తేలని సందేహం ఒకటుంది. మూడు రోజులు ఒకే చోట కూర్చుంటే మనుషులు మచ్చికవుతారు, మచ్చికైతే పోజులిస్తారు. రెండో రోజుకే ఇస్త్రీ బండి కుర్రాడు తల దువ్వుకుని వస్తాడు, "తాతగారూ, ఇవాళ నన్నేస్తారా?" అంటాడు. అప్పుడు గీసేది రోజువారీ బతుకా, తల దువ్విన బతుకా? కానీ చెప్పకుండా దూరం నుంచి దొంగచాటుగా గీసుకుపోవడం కంటే ఇది నయం. అడిగితే "వద్దు" అనే హక్కు అవతలివాళ్ళకు దొరుకుతుంది. "నా ముఖం వద్దు, బుట్ట వేసుకో" అనే ఆడవాళ్ళుంటారు, బుట్టే వేయాలి. పోజు కూడా ఎంతోసేపు నిలవదు. గిరాకీ రాగానే ఇస్త్రీ పెట్టె మళ్ళీ లేస్తుంది, భుజం మళ్ళీ అలాగే వాలుతుంది.

డబ్బులివ్వాలా అన్నది అందరూ అడిగేదే. కూర్చోబెట్టి గీస్తే ఇవ్వాలి, వాళ్ళ పని వాళ్ళు చేసుకుంటుంటే గీసినప్పుడు వాళ్ళ దగ్గర కొనాలి: రెండు మూరల పూలు, నాలుగు ఇడ్లీలు, ఇస్త్రీకి రెండు చొక్కాలు. మూడో పొద్దు అయ్యాక బొమ్మను దగ్గర్లోని జిరాక్సు షాపులో కలర్ కాపీలు తీయించి ఎవరిది వాళ్ళకివ్వాలి. బొమ్మ పూర్తిగా ఆరాకే గాజు మీద పెట్టించండి. మద్రాసు చెమ్మకు మందంగా పూసిన చోట రంగు గాజుకు అంటుకుంటుంది, షాపువాడితో గొడవ. ఈలోగా ఇస్త్రీ కుర్రాడు చొక్కా మార్చుకొచ్చాడనుకోండి, మొదటి రోజుదే ఉంచండి. రెండో రోజుది బాగుందనిపిస్తే ఇంకో కాగితం తియ్యండి.